తీవ్ర వాతావరణ హెచ్చరికల డెస్క్‌టాప్ విడ్జెట్

కంప్యూటర్ తెర మీద ఒక మూల ఎప్పుడూ కనిపిస్తూ ఉండి, టోర్నడో, తుపాను, పిడుగుల వాన, ఆకస్మిక వరద, వడగాలి లాంటి ప్రమాదాల గురించి అధికార సంస్థలు ఇచ్చే హెచ్చరికలను వెంటనే చూపించే చిన్న ప్రోగ్రామును తీవ్ర వాతావరణ హెచ్చరికల విడ్జెట్ అంటారు. ఉష్ణోగ్రత, తేమ చూపించే మామూలు వాతావరణ విడ్జెట్‌తో దీనికి పైకి పోలిక ఉన్నా చేసే పని వేరు. మామూలు విడ్జెట్ రోజంతా ఏదో ఒక అంకె చూపిస్తూనే ఉంటుంది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం 19 డిగ్రీలని చూపిస్తే ఎక్కడో తేడా వచ్చిందని చూసినవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. హెచ్చరికల విడ్జెట్ అలా కాదు. ఏడాదిలో చాలా రోజులు అది ఏమీ చెప్పదు. ఏమీ చెప్పడం లేదంటే ప్రమాదం లేదని అర్థమా, లేక దానికి సమాచారమే అందడం లేదా? ఈ రెంటికీ తేడా తెలిసేలా కట్టడమే ఈ నిర్మాణంలో అసలు కష్టం. తయారైన విడ్జెట్ మంచిదో కాదో తేల్చేది కూడా అదే.

వెనకటి కథ

తెర మీద చిన్న పనిముట్లు పెట్టుకునే అలవాటు 1984 నాటి తొలి మెకింటాష్‌లోని గడియారం, క్యాలిక్యులేటర్‌లతో మొదలైంది. ఇంటర్నెట్ నుంచి సమాచారం తెచ్చుకునే విడ్జెట్లకు ఊపు వచ్చింది మాత్రం ఆర్లో రోజ్, పెర్రీ క్లార్క్ 2003లో విడుదల చేసిన కాన్ఫాబ్యులేటర్‌తో. 2005లో యాహూ దాన్ని కొనేసింది. అదే ఏడాది యాపిల్ తన టైగర్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో డాష్‌బోర్డ్‌ను పెట్టింది. 2007లో విండోస్ విస్టా పక్కపట్టీలో గాడ్జెట్లు వచ్చాయి. లినక్స్ వాడేవాళ్లకు కాంకీ, కేడీఈ ప్లాస్మా, విండోస్ వాడేవాళ్లకు రెయిన్‌మీటర్ నేటికీ నమ్మకమైన పునాదులు. వీటన్నిటిలోనూ జనం ముందుగా తయారు చేసుకున్న విడ్జెట్లలో గడియారంతో పాటు వాతావరణం తప్పకుండా ఉంటుంది.

విస్టా గాడ్జెట్ల ముగింపును ఈ రంగంలో పనిచేసేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. అవి వెబ్ పేజీల్లా హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్‌లతో రాసినవే అయినా, కంప్యూటర్‌లో వాడకందారుకు ఉండే అధికారాలన్నీ వాటికీ ఉండేవి. బయటి నుంచి వచ్చిన పాఠంలో ఎవరైనా దురుద్దేశంతో కోడ్ చొప్పిస్తే అది నేరుగా యంత్రం మీద నడిచేది. 2012 జులైలో మైక్రోసాఫ్ట్ భద్రతా ప్రకటన చేసి, గాడ్జెట్లను పూర్తిగా ఆపేసే సాధనాన్ని తనే విడుదల చేసింది. ఆ తర్వాత వచ్చిన విండోస్ 8లో అవి లేవు. హెచ్చరిక శీర్షిక ప్రభుత్వ సర్వర్ నుంచి వచ్చినా సరే, విడ్జెట్ దాన్ని కోడ్‌గా కాకుండా వట్టి అక్షరాలుగానే తెర మీద పెట్టాలన్న నియమం అప్పటి నుంచి గట్టిపడింది.

హెచ్చరిక ఎక్కడి నుంచి వస్తుంది

ఈ తరహా విడ్జెట్లు ఎక్కువగా పుట్టింది అమెరికాలో. దానికి రెండు కారణాలున్నాయి. టెక్సస్, ఓక్లహోమా, కాన్సస్ లాంటి రాష్ట్రాల్లో టోర్నడోలు నిమిషాల వ్యవధిలో ఊళ్లను నేలమట్టం చేస్తాయి. పైగా అక్కడి నేషనల్ వెదర్ సర్వీస్ తన హెచ్చరికలను యంత్రాలు చదవగలిగే రూపంలో ఎవరికైనా ఉచితంగా ఇస్తుంది. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, రహస్య సంకేతం (ఏపీఐ కీ) అక్కర్లేదు. అడుగుతున్న ప్రోగ్రాము పేరేమిటో, దాన్ని తయారు చేసినవాళ్లను ఎలా సంప్రదించాలో అభ్యర్థనలో చెబితే చాలు. దేశవ్యాప్తంగా 122 స్థానిక కార్యాలయాలు హెచ్చరికలు జారీ చేస్తాయి. టోర్నడోలకు, తీవ్రమైన పిడుగుల వానలకు అనువైన పరిస్థితులు ఉన్నాయని గంటల ముందు చెప్పే 'వాచ్' ప్రకటనలు ఓక్లహోమాలోని నార్మన్‌లో ఉన్న స్టార్మ్ ప్రెడిక్షన్ సెంటర్ నుంచి వస్తాయి. ప్రమాదం మీదికి వచ్చేసిందని చెప్పే 'వార్నింగ్' ఆయా స్థానిక కార్యాలయాల నుంచి వస్తుంది.

హెచ్చరికలన్నీ ఒకే అచ్చులో రావడం అంత తేలిగ్గా జరగలేదు. రేడియోకు ఒక పద్ధతి, టీవీకి ఇంకొకటి, సైరన్‌కు మరొకటి ఉండేవి. ఒకే ప్రమాదం గురించి ఒక్కో మాధ్యమానికి విడివిడిగా సందేశం రాయాల్సి వచ్చేది. 2000 నవంబరులో అమెరికా జాతీయ శాస్త్ర సాంకేతిక మండలి ఇచ్చిన నివేదిక ఈ లోపాన్ని ఎత్తిచూపి, అన్ని ప్రమాదాలకూ అన్ని మాధ్యమాలకూ పనికొచ్చే ఒకే పద్ధతి కావాలంది. అత్యవసర సేవల నిపుణుడు ఆర్ట్ బాటరెల్ చొరవతో రూపుదిద్దుకున్న కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్‌ను ఒయాసిస్ సంస్థ 2004లో ప్రమాణంగా ఆమోదించింది. 2007లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం కూడా దాన్ని స్వీకరించింది. ఇప్పుడు వాడుకలో ఉన్న 1.2 వెర్షన్ 2010 నాటిది. ఈ రంగంలో అందరూ దాన్ని క్యాప్ అని పిలుస్తారు.

క్యాప్ సందేశంలో విడ్జెట్ చూడవలసిన గుణాలు ప్రధానంగా మూడు. ఎంత త్వరగా స్పందించాలి, దెబ్బ ఎంత గట్టిది, జరుగుతుందన్న నమ్మకం ఎంత. కొత్తగా విడ్జెట్ రాసేవాళ్లు ఎక్కువగా తీవ్రత ఒక్కదాన్నే చూసి జల్లెడ పడతారు. ఇది పెద్ద పొరపాటు. టోర్నడో వాచ్‌కూ టోర్నడో వార్నింగ్‌కూ నేషనల్ వెదర్ సర్వీస్ ఇచ్చే తీవ్రత ఒకటే, అత్యంత తీవ్రం. తేడా అంతా మిగతా రెండు గుణాల్లో ఉంటుంది. వాచ్ అంటే ముందుముందు జరగవచ్చు, అవకాశం ఉంది అని. వార్నింగ్ అంటే ఇప్పుడే, కంటికో రాడార్‌కో కనపడింది లేదా వచ్చేలా ఉంది అని. తీవ్రత ఒక్కదాన్నే చూసే విడ్జెట్ రెంటికీ ఒకే సైరన్ మోగిస్తుంది. సాయంత్రం దాకా ఆకాశం మీద ఓ కన్నేసి ఉంచమనే మాటకూ, ఈ క్షణమే నేలమాళిగలోకి వెళ్లమనే మాటకూ ఒకే చప్పుడు వస్తే, రెండు మూడు వారాల్లో ఇంటివాళ్లు ఆ చప్పుడునే ఆపేస్తారు. అసలు రోజు వచ్చేసరికి విడ్జెట్ మూగదై ఉంటుంది.

పిడుగుల వానల్లోనూ ఇలాంటి మెట్లున్నాయి. ఒక అంగుళం వ్యాసం ఉన్న వడగళ్లు గానీ, గంటకు 58 మైళ్ల గాలి గానీ ఉంటే అమెరికాలో దాన్ని తీవ్రమైన పిడుగుల వానగా లెక్కిస్తారు. వడగళ్ల పరిమాణం 2010కి ముందు ముప్పావు అంగుళమే. మరీ చిన్న వానలకు కూడా హెచ్చరికలు వస్తుంటే జనం పట్టించుకోవడం మానేస్తారని దాన్ని పెంచారు. 2021 నుంచి పిడుగుల వాన హెచ్చరికలకు నష్టం స్థాయి చెప్పే గుర్తులు జోడిస్తున్నారు. వాటిలో పైదైన 'విధ్వంసకర' గుర్తు ఉన్నప్పుడే సెల్‌ఫోన్లు వాటంతటవే మోగుతాయి. విడ్జెట్ కూడా ఈ గుర్తును చదివి, శబ్దం చేయాలా, రంగు మారిస్తే సరిపోతుందా అన్నది నిర్ణయించుకోవచ్చు.

చోటు కలపడం

హెచ్చరిక చేతికి వచ్చాక, అది మన ఇంటికి వర్తిస్తుందా లేదా అన్నది తేలాలి. 2007 అక్టోబరు 1కి ముందు అమెరికాలో టోర్నడో హెచ్చరికలు కౌంటీ (మన జిల్లా లాంటిది) మొత్తానికి ఇచ్చేవారు. కౌంటీకి ఒక కొసన గాలి లేస్తే రెండో కొసన ఉన్నవాళ్లు కూడా దాక్కోవాల్సి వచ్చేది. ఆ తేదీ నుంచి పిడుగుల మేఘం వెళ్లే దారి చుట్టూ మ్యాపు మీద పాలిగాన్ (బహుభుజి) గీసి, దాని లోపలివాళ్లనే హెచ్చరిస్తున్నారు. ఒక స్థలం ఆ గీతల లోపల ఉందో బయట ఉందో తేల్చే లెక్క చాలా పాతది, సులువైనది. ఆ బిందువు నుంచి ఏదో ఒక దిక్కుకు సరళరేఖ గీసి, అది అంచులను ఎన్నిసార్లు దాటిందో లెక్కపెడతారు. బేసి సంఖ్య వస్తే లోపల, సరి సంఖ్య వస్తే బయట.

లెక్క సులువే అయినా అంకెలు తిరగబడే ప్రమాదం ఉంది. క్యాప్‌లో ముందు అక్షాంశం, తర్వాత రేఖాంశం రాస్తారు. మ్యాపుల కోసం వాడే జియోజేసన్ రూపంలో ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం. నేషనల్ వెదర్ సర్వీస్ రెండు రూపాల్లోనూ సమాచారం ఇస్తుంది. ఓక్లహోమాలో ఈ అంకెలు తారుమారైతే అక్షాంశం మైనస్ 97 అవుతుంది. 90 దాటిన అక్షాంశం ఉండదు కాబట్టి ఏ కాస్త జాగ్రత్తగా రాసిన ప్రోగ్రామైనా పట్టేస్తుంది. అదే విశాఖపట్నం అంకెలు తారుమారైతే 17.69, 83.22 కాస్తా 83.22, 17.69 అవుతాయి. అది కూడా భూమి మీద ఉన్న చోటే, స్వాల్‌బార్డ్ దీవులకు ఉత్తరాన ఆర్కిటిక్ మహాసముద్రంలో. ప్రోగ్రాము ఏ తప్పూ చూపించదు. బంగాళాఖాతంలో తుపాను ఎంత ముంచుకొస్తున్నా, మీ ప్రాంతానికి హెచ్చరికలేవీ లేవని తాపీగా చెబుతూనే ఉంటుంది.

పాలిగాన్ లేని హెచ్చరికలూ ఉంటాయి. వడగాలి, మంచు తుపాను, పెనుగాలి లాంటి విశాలమైన ప్రమాదాలకు అమెరికాలో ముందే నిర్ణయించిన మండలాల వారీగా హెచ్చరిక ఇస్తారు. అప్పుడు ఆకారం ఉండాల్సిన చోట ఖాళీ ఉంటుంది, మండలాల సంకేతాలు మాత్రం ఉంటాయి. పాలిగాన్ల కోసమే చూసే విడ్జెట్ వీటన్నిటినీ వదిలేస్తుంది. తన చోటు ఏ మండలంలోకి వస్తుందో విడ్జెట్ ముందే తెలుసుకుని దాచుకోవాలి. లేదా అక్షాంశ రేఖాంశాలు పంపి, ఆ బిందువుకు వర్తించేవన్నీ ఇవ్వమని సర్వర్‌నే అడగాలి. చిన్న విడ్జెట్‌కు రెండో దారే మేలు.

ఇక ఆ చోటు ఏదన్నది ఎవరు చెప్పాలి? ఇంటర్నెట్ చిరునామాను బట్టి ఊహించే పద్ధతి చాలా విడ్జెట్లలో ఉంది. ప్రాణాలకు సంబంధించిన పనిలో దాన్ని నమ్మకూడదు. హైదరాబాద్‌లో ఇంట్లో కూర్చుని డాలస్ ఆఫీసు వీపీఎన్‌తో పనిచేసే ఉద్యోగి కంప్యూటర్ తాను డాలస్‌లో ఉన్నాననే చెబుతుంది. వాడకందారు ఊరి పేరు తనే ఎంచుకుని, మ్యాపు మీద చుక్క సరైన చోట పడిందో లేదో చూసుకోవడమే నమ్మదగ్గ దారి. ఒకటికి మించి ఊళ్లు పెట్టుకునే వీలు కూడా ఉండాలి. శ్రీకాకుళంలో తల్లిదండ్రులు, టెక్సస్‌లో కొడుకు ఉన్న కుటుంబాలకు ఇది సరదా కోసం కాదు. అలాంటివాళ్లకు ప్రతి హెచ్చరికా రెండు సమయాల్లో కనిపించాలి. భారత కాలమానానికీ టెక్సస్‌లో చాలాభాగం పాటించే కాలమానానికీ వేసవిలో 10.30 గంటలు, చలికాలంలో 11.30 గంటల తేడా. '5.15 వరకు అమల్లో ఉంటుంది' అన్న ముక్క చదివిన తల్లికి అది ఎవరి గడియారంలో 5.15 అన్నది కూడా తెలియాలి కదా.

నిమిషాల లెక్క

2013 మే 20న నార్మన్‌లోని నేషనల్ వెదర్ సర్వీస్ స్థానిక కార్యాలయం ఓక్లహోమాలోని మూర్ పట్టణం వైపు టోర్నడో హెచ్చరిక జారీ చేసింది మధ్యాహ్నం 2.40కి. సుడి నేలను తాకింది 2.56కి. మధ్యలో ఉన్నది 16 నిమిషాలు. ఆ రోజు 24 మంది చనిపోయారు. అందులో ఒక ప్రాథమిక పాఠశాలలోని ఏడుగురు పిల్లలున్నారు. పావుగంటకోసారి సమాచారం తెచ్చుకునే మామూలు వాతావరణ విడ్జెట్ 2.39కి ఒకసారి అడిగి ఉంటే, మళ్లీ అడిగేది 2.54కి. శాస్త్రవేత్తలు రాడార్ ముందు కూర్చుని సంపాదించి పెట్టిన 16 నిమిషాల్లో 14 నిమిషాలు తెర వెనకే ఆవిరైపోతాయి. హెచ్చరికల విడ్జెట్ కనీసం నిమిషానికోసారైనా అడగాలనడానికి ఇంతకంటే వేరే రుజువు అక్కర్లేదు.

అలాగని లక్షల విడ్జెట్లు ఒకేసారి సర్వర్ మీద పడినా నష్టమే. దానికి వెబ్‌లో ఉన్న ఏర్పాటు బాగా పనికొస్తుంది. కిందటిసారి వచ్చిన జవాబు గుర్తును అభ్యర్థనతో పాటు పంపితే, కొత్తదేమీ లేనప్పుడు సర్వర్ '304' అని చిన్న జవాబిచ్చి ఊరుకుంటుంది. సర్వర్ నుంచి దోషం వస్తే వెంటవెంటనే తలుపు తట్టకుండా విరామం పెంచుకుంటూ పోవాలి. ఆ విరామంలో కొన్ని సెకన్లు అటూ ఇటూ ఉండేలా చూడాలి. లేకపోతే సర్వర్ కోలుకున్న క్షణంలోనే అందరూ కలిసి మళ్లీ దాన్ని పడగొడతారు.

హెచ్చరికను తెర మీద నుంచి ఎప్పుడు తీసేయాలన్నది ఇంతకంటే చిక్కైన విషయం. నేషనల్ వెదర్ సర్వీస్ సందేశంలో గడువు తీరే వేళ, ప్రమాదం ముగిసే వేళ అని రెండు వేర్వేరు అంకెలుంటాయి. మొదటిది ఆ సందేశానికి సంబంధించింది. ఆ వేళకు దాని స్థానంలో కొత్త సందేశం రావాలని దాని అర్థం. రెండోది ప్రమాదానికి సంబంధించింది. నది వరద హెచ్చరికల్లో సందేశం గడువు ఇవాళ రాత్రికే తీరిపోయినా వరద మూడు రోజులుండవచ్చు. గడువు తీరగానే హెచ్చరికను తుడిచేసే విడ్జెట్ వరద నీళ్లు ఇంకా గుమ్మంలో ఉండగానే అంతా సద్దుమణిగిందని చెప్పినట్టవుతుంది.

ఒకే ప్రమాదం గురించి వరసగా వచ్చే సందేశాలను ఒకటిగా గుర్తించడం కూడా విడ్జెట్ బాధ్యతే. ప్రతి సవరణకూ కొత్త గుర్తింపు సంఖ్య ఉంటుంది కాబట్టి, దాన్ని మాత్రమే చూస్తే ఒకే పిడుగుల వానకు ఆరుసార్లు మోగాల్సి వస్తుంది. తన ముందు సందేశం ఏదో క్యాప్ సందేశమే చెబుతుంది. దానికి తోడు అమెరికా హెచ్చరికల్లో జారీ చేసిన కార్యాలయం, ప్రమాదం రకం, వరస సంఖ్య కలిసిన ఒక సంకేత పంక్తి ఉంటుంది. ఆ మూడూ కలిస్తే అదే ప్రమాదం. పరిధి పెరిగినా, తీవ్రత పెరిగినా మళ్లీ మోగాలి. వట్టి కొనసాగింపు అయితే తెర మీద అక్షరాలు మారితే చాలు.

మౌనానికి అర్థం

భారత ఓడరేవుల్లో ఎగరేసే తుపాను సూచికల గురించి విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వైపు వార్తలు వినే ఎవరికైనా తెలుసు. మూడో నంబరు, పదో నంబరు అంటూ రేడియోలో వినపడేవి అవే. మొత్తం 11 ఉన్న ఆ వరసలో చివరిది మిగతావాటికి భిన్నమైనది. అది గాలి వేగం గురించి చెప్పదు. తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని, ప్రమాదం ఉండవచ్చని చెబుతుంది. సమాచారం రాకపోవడాన్ని కూడా ఒక ప్రమాద సూచికగా, అదీ అన్నిటికంటే పైమెట్టుగా పెట్టిన ఆ ఆలోచన గొప్పది. నేటి సాఫ్ట్‌వేర్‌లో దాన్ని పాటించేవాళ్లు తక్కువ.

విడ్జెట్‌కు రెండు కాదు, మూడు స్థితులుండాలి. హెచ్చరిక ఉంది. సమాచారం తాజాగా ఉంది, హెచ్చరికలు లేవు. సమాచారం అందడం లేదు. చాలా విడ్జెట్లలో మూడోది రెండోదానిలో కలిసిపోయి ఉంటుంది. హోటల్ వైఫైకి కనెక్ట్ అయినప్పుడు ఏ పేజీ అడిగినా లాగిన్ పేజీనే వస్తుంది, అదీ అంతా సవ్యంగా ఉందన్న '200' సంకేతంతో. అందులో హెచ్చరికల జాబితా కోసం వెతికిన విడ్జెట్‌కు ఏమీ దొరకదు. ఏమీ దొరకలేదు కాబట్టి ఏమీ లేదనుకుని ఆకుపచ్చ గుర్తు వెలిగిస్తుంది. ఆ గుర్తు వెలగడానికి షరతులు కఠినంగా ఉండాలి. జవాబు సరైన రూపంలో ఉండాలి, జాబితా ఉండాల్సిన చోట ఉండాలి, జాబితా ఎప్పటిదో చెప్పే సమయం దగ్గరిదై ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆకుపచ్చ ఆరిపోయి, 'సమాచారం అందడం లేదు' అన్న మాట పెద్ద అక్షరాల్లో కనిపించాలి. కిందటిసారి ఎప్పుడు సరిచూసిందో ఆ వేళ తెర మీద ఎప్పుడూ ఉండాలి. హెచ్చరిక అమల్లో ఉండగా నెట్ పోతే దాన్ని తీసేయకూడదు. అది ముగిసే వేళ దాకా అలాగే ఉంచి, తర్వాతి సంగతి తెలియదని పక్కన రాయాలి.

ల్యాప్‌టాప్ నిద్రలోంచి లేచే క్షణం ప్రత్యేకంగా చూసుకోవాల్సింది. మూత తెరవగానే రాత్రి పది గంటల నాటి తెరే ఉదయం ఏడింటికి మళ్లీ కనిపిస్తుంది. టైమర్ లెక్క ప్రకారం తర్వాతి అభ్యర్థనకు ఇంకా 40 సెకన్లు ఉండవచ్చు. మనిషి తెర వైపు చూసేది మాత్రం ఆ 40 సెకన్లలోనే. లేచిన మరుక్షణం పాత స్థితిని చెరిపేసి, సరిచూస్తున్నట్టు చెప్పి, కొత్త సమాచారం తెచ్చుకోవాలి.

చూపించే తీరు

2011 మే 22న మిస్సోరీలోని జాప్లిన్‌ను తాకిన టోర్నడో నేరుగా 158 మందిని బలి తీసుకుంది. ఆ తర్వాత నేషనల్ వెదర్ సర్వీస్ జరిపిన సమీక్షలో బయటపడిన ముఖ్యమైన సంగతి, మొదటి సైరన్ వినగానే దాక్కున్నవాళ్లు తక్కువని. ఎక్కువమంది టీవీ పెట్టి చూశారు, ఆకాశం వైపు చూశారు, ఎవరినైనా అడిగారు. నిజమేనని రెండో ఆధారం దొరికాకే కదిలారు. ఇది జనం నిర్లక్ష్యం కాదు, మనుషులందరి తీరూ ఇదే. అందుకని విడ్జెట్ ఎర్రరంగు వెలిగించి ఊరుకుంటే సరిపోదు. ఆ రెండో ఆధారం అక్కడే ఉండాలి. పాలిగాన్ గీసిన చిన్న మ్యాపు, అందులో ఇల్లున్న చుక్క, రాడార్‌లో కనపడిందా కళ్లతో చూసినవాళ్లున్నారా అన్న ఒక్క వాక్యం, ఏం చేయాలో చెప్పే సూచన. క్యాప్‌లో ఈ సూచనకు విడిగా ఒక గడి ఉంది. చాలా విడ్జెట్లు దాన్ని పొడవైన వర్ణన కింద పాతిపెడతాయి. నా దృష్టిలో శీర్షిక కింద మొదట ఉండాల్సింది అదే.

నేషనల్ వెదర్ సర్వీస్ మ్యాపుల్లో ఒక్కో ప్రమాదానికి ఒక్కో రంగు చొప్పున వందకు పైగా రంగులున్నాయి. వాటన్నిటినీ విడ్జెట్‌లోకి దించితే ఎవరికీ గుర్తుండవు. భారత వాతావరణ శాఖ, ఐరోపా దేశాల మెటియోఅలారం వాడే ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు చాలు. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియనివాళ్లు ముఖ్యంగా మగవాళ్లలో గణనీయంగా ఉంటారు కాబట్టి రంగుతో పాటు ఆకారమూ మాటా కూడా మారాలి. చూపులేనివాళ్ల కోసం తెర చదివే సాఫ్ట్‌వేర్‌కు సందేశం అందాలి. ఆపరేటింగ్ సిస్టమ్‌లో 'అంతరాయం వద్దు' అని పెట్టుకున్నప్పుడు నోటిఫికేషన్లు మరుగున పడిపోతాయి. లినక్స్ డెస్క్‌టాప్‌ల నోటిఫికేషన్ ప్రమాణంలో అత్యవసరం అన్న స్థాయి ఉంది. ఆ స్థాయి సందేశం మనిషి తోసేసేదాకా తనంతట తాను పోకూడదన్నది నియమం. టోర్నడో వార్నింగ్‌కు తగింది ఆ స్థాయే. అంతకంటే చిన్నవాటికి వాడితే అది కూడా విలువ పోగొట్టుకుంటుంది.

తెలుగులో హెచ్చరిక చూపించేవాళ్లు గమనించాల్సింది మరొకటి. ఇంగ్లిష్ అక్షరాల ఎత్తుకు కొలిచి కట్టిన గడిలో తెలుగు పడితే కింది ఒత్తులు, పై గుడులు తెగిపోతాయి. 'రాష్ట్రం'లో కింది ఒత్తు పోతే అర్థం ఊహించుకోవచ్చు గానీ, హడావుడిలో చదివేవాళ్లకు అలాంటి ఊహలు పెట్టకూడదు. వరస ఎత్తు పెంచి, విండోస్‌లో ఉండే గౌతమి, నిర్మల, లేదా ఉచితంగా దొరికే నోటో తెలుగు ఫాంటులో పొడవైన జిల్లా పేర్లతో సరిచూసుకోవాలి.

పరీక్షలు, రద్దులు

క్యాప్ సందేశంలో అది నిజమైనదా, కసరత్తా, పరీక్షా అన్నది చెప్పే గడి ఉంటుంది. విడ్జెట్ ముందుగా చూడాల్సింది దాన్నే. 2018 ఫిబ్రవరి 6న నేషనల్ వెదర్ సర్వీస్ ఎప్పటిలా పంపిన సునామీ పరీక్ష సందేశం ఒక ప్రైవేటు వాతావరణ సంస్థ యాప్ ద్వారా అమెరికా తూర్పు తీరంలో ఎంతోమంది ఫోన్లలో నిజమైన హెచ్చరికగా మోగింది. సందేశం లోపల ఇది పరీక్ష అన్న మాట ఉంది, సందేశం రకం చెప్పే సంకేతం సంగతిలో మాత్రం తప్పు ఎవరిదన్న దాని మీద రెండు పక్షాలూ వేరువేరుగా చెప్పాయి. గడినీ చూడాలి, సంకేతాన్నీ చూడాలి, రెండూ పొసగకపోతే ఆ సంగతే తెర మీద చెప్పాలి.

అంతకు మూడు వారాల ముందు, 2018 జనవరి 13న హవాయిలో క్షిపణి వస్తోందన్న తప్పుడు హెచ్చరిక ఫోన్లలో మోగింది. దాన్ని ఖండిస్తూ మళ్లీ ఫోన్లకు సందేశం రావడానికి 38 నిమిషాలు పట్టింది. రద్దు సందేశాన్ని హెచ్చరికంత స్పష్టంగా చూపించాలని దీన్ని బట్టి తెలుస్తుంది. హెచ్చరిక చప్పుడు లేకుండా మాయమైతే గదిలో దాక్కున్న కుటుంబానికి బయటకు రావచ్చో లేదో తెలియదు. రద్దయిందన్న మాట, ఏ వేళకు రద్దయిందన్నది కొంతసేపైనా నిలబడి ఉండాలి.

విడ్జెట్‌ను పరీక్షించడానికి టోర్నడో వచ్చేదాకా ఆగనక్కర్లేదు. నేషనల్ వెదర్ సర్వీస్ సర్వర్‌లో గత వారం రోజుల హెచ్చరికలు దొరుకుతాయి. వాటిని దాచుకుని, కాలాన్ని వెనక్కి జరిపి, ఒక్కొక్కటిగా విడ్జెట్‌కు అందిస్తే అది ఏ క్షణంలో ఏం చెప్పిందో చూసుకోవచ్చు.

భారతదేశంలో

భారతదేశంలో క్యాప్ పద్ధతి మీద నడిచే వేదిక సచేత్. జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ కోసం ప్రభుత్వ టెలికం పరిశోధన సంస్థ సీ-డాట్ దీన్ని తయారు చేసింది. భారత వాతావరణ శాఖ, కేంద్ర జల సంఘం, రాష్ట్రాల విపత్తు నిర్వహణ సంస్థలు జారీ చేసే హెచ్చరికలు ఇందులోకి చేరి, ఎంచుకున్న ప్రాంతంలోని ఫోన్లకు ప్రాంతీయ భాషల్లో ఎస్సెమ్మెస్‌గా వెళ్తాయి. పిడుగులు పడే సూచన ఉందని తెలుగులో వచ్చే సందేశాల వెనక ఉన్నది ఇదే ఏర్పాటు. ఈ వేదిక ఫీడ్ రూపంలో కూడా సమాచారం ఇస్తుంది కాబట్టి విడ్జెట్‌కు ఆధారం ఉన్నట్టే. ఒకే సందేశంలో భాషకొకటి చొప్పున భాగాలు ఉండటానికి క్యాప్ వీలిస్తుంది. విడ్జెట్ ముందు తెలుగు భాగం కోసం చూసి, లేకపోతే ఇంగ్లిష్‌కు వెళ్లాలి. ఖాళీ మాత్రం చూపకూడదు.

ఇక్కడి ప్రమాదాల వేగం వేరు. తుపానుకు భారత వాతావరణ శాఖ నాలుగు మెట్లలో, రోజుల ముందు నుంచే చెబుతూ వస్తుంది. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. వీటికి ఐదు నిమిషాల ఆలస్యం పెద్ద నష్టం కాదు. పిడుగుకు మాత్రం నిమిషాలే ఉంటాయి, పొలంలో ఉన్న రైతు ముందు డెస్క్‌టాప్ ఉండదు. ఆ పని పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తెచ్చిన దామిని యాప్‌ది, ఊరి మైకుది. తెలుగు ప్రాంతాల్లో ఇలాంటి విడ్జెట్ నిజంగా అక్కరకొచ్చేది మండల కార్యాలయాల్లో, కంట్రోల్ రూముల్లో, బడి ప్రధానోపాధ్యాయుల గదుల్లో, ఆసుపత్రుల్లో. ఆ చోట్ల కంప్యూటర్ రోజంతా వెలుగుతూ ఉంటుంది, దాని ముందున్న మనిషి మాట నలుగురికీ చేరుతుంది.

పరిమితులు

కరెంటు పోతే డెస్క్‌టాప్ పోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీదుగా తీరం దాటాక నగరంలో కరెంటు, ఫోన్లు, ఇంటర్నెట్ రోజుల తరబడి స్తంభించాయి. అప్పుడు ఏ విడ్జెట్ అయినా చేయగలిగింది గాలి రాకముందే చేసి ఉండాలి. రాత్రివేళ కంప్యూటర్ ఆపి నిద్రపోయినవాళ్లకూ ఇది అందదు. అమెరికాలో అలాంటివాళ్ల కోసం నోవా వెదర్ రేడియో ఉంది. 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ మధ్య ఏడు ఫ్రీక్వెన్సీల మీద, వెయ్యికి పైగా ట్రాన్స్‌మిటర్లతో రాత్రింబవళ్లు ప్రసారమవుతుంది. తమ కౌంటీ సంకేతం పెట్టుకున్న రేడియో బ్యాటరీతో నిశ్శబ్దంగా ఉండి, ఆ సంకేతంతో హెచ్చరిక రాగానే గట్టిగా మోగి నిద్ర లేపుతుంది. వారానికోసారి పరీక్ష సంకేతం కూడా వస్తుంది. రేడియో పనిచేస్తోందో లేదో ఇంటివాళ్లు దానితో సరిచూసుకుంటారు.